ఫిలిప్పీన్స్ సిమ్ నమోదు చట్టం – విదేశీ సందర్శకులు

ఫిలిప్పీన్స్ సిమ్ నమోదు చట్టం (రిపబ్లిక్ చట్టం 11934) ఆ దేశంలో అమ్మే ప్రతి సిమ్ కార్డును వాడుకరి గుర్తింపుతో ముడిపెట్టిన శాసనము. అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ జూనియర్ 2022 అక్టోబరు 10న దీనిపై సంతకం చేసాడు. నమోదు ఆ సంవత్సరం డిసెంబరు 27న ప్రారంభమైనది. సంక్షిప్త సందేశాల ద్వారా జరిగే మోసాలను అరికట్టుట దీని ముఖ్యోద్దేశము.

విదేశీయులకు నియమాలు

పర్యాటకుడు పాస్‌పోర్టు, బస చేయు చిరునామాకు ఋజువు, తిరుగు ప్రయాణపు టిక్కెట్టు చూపవలెను. ఇవన్నీ చూపినను సిమ్ 30 రోజులు మాత్రమే పనిచేయును. వీసా పొడిగించబడినచో సిమ్ గడువు కూడా పెరుగును. విద్యార్థి వీసా కలవారికి ఈ పరిమితి లేదు గాని, విద్యాసంస్థలో చేరినట్లు పత్రములు కావలెను. దావో వంటి నగరాలలో వైద్యవిద్య చదివే తెలుగు విద్యార్థులు ఈ కోవకు చెందుతారు. స్వదేశపు సిమ్‌ను రోమింగులో వాడుకొనువారికి ఈ నమోదు అక్కరలేదు.

విమర్శ

తప్పుడు వివరాలిచ్చిన వారికి 6 నెలల నుండి 2 సంవత్సరాల వరకు జైలు, లేదా 1 లక్ష నుండి 3 లక్షల పెసోల జరిమానా, లేదా రెండునూ విధించవచ్చును. అయినను మోసపు సందేశాలు ఆగలేదు. అసలు లోపము తనిఖీలో ఉన్నది. 2023 సెప్టెంబరులో సెనేట్ విచారణలో జాతీయ దర్యాప్తు సంస్థ అధికారులు ఒక విచిత్రమైన సంగతి వెల్లడించారు: కోతి బొమ్మ అతికించిన గుర్తింపు కార్డుతో వారు ప్రయత్నించగా సిమ్ నమోదైనది! అనగా పత్రము జతచేయబడినదా అని చూచుటే గాని, అది నిజమైనదా అని పరిశీలించుట జరుగలేదు. ఈ పద్ధతిలో నిజమైన పాస్‌పోర్టు చూపిన పర్యాటకుని సిమ్ నెలకు ఆగిపోవును. స్థానికుని పేర దొంగ కార్డు పెట్టినవాని సిమ్‌కు ఆ గడువే లేదు.