చార్ట్ బాగుంది, మరి మా బ్లాక్ ఎక్కడ?

పోయిన సెమిస్టర్‌లో మా హాస్టల్ మంచినీళ్ల మీద ఒక సర్వే జరిగింది. ఫారం తయారు చేసింది నేనే, రిపోర్ట్ చేసిందీ నేనే. నాలుగు బ్లాకులు, 400 మంది జవాబులు. నీళ్లకి 5కి ఎన్ని మార్కులు వేస్తారన్నది ఒక్కటే ప్రశ్న. పవర్ బీఐలో అర్ధచంద్రాకారపు గేజ్ చార్ట్ ఒకటి పెట్టా. అది 3.9 దాకా నిండింది. 3.5 దాటితే ఆకుపచ్చ రంగు రావాలని రూల్ రాసింది కూడా నేనే కాబట్టి పచ్చగా మెరిసింది.

కమిటీ మీటింగ్‌లో సార్ చూసి "వెరీ నీట్" అన్నారు. రెండు నిమిషాల్లో నీళ్ల సంగతి అయిపోయింది, మెస్ మెనూ మీద చర్చ మొదలైంది. నేను గాల్లో తేలుతూ రూమ్‌కి వచ్చా.

ఆ రాత్రి సి బ్లాక్‌లో ఉండే మా ఫ్రెండ్ ఆ పీడీఎఫ్‌ని ఫోన్‌లో చూసి ఒక్క మాట అడిగాడు: "చార్ట్ బాగుంది రా. మరి మా బ్లాక్ ఎక్కడ?"

డేటా మళ్లీ తెరిచా. ఎ బ్లాక్‌లో 120 మంది, సగటు 4.2. బి బ్లాక్‌లో 110 మంది, 4.1. డి బ్లాక్‌లో 130 మంది, 4.0. సి బ్లాక్‌లో జవాబిచ్చింది 40 మందే, సగటు 1.8. అందరినీ కలిపి లెక్కేస్తే 3.9 కంటే పిసరంత తక్కువ. లెక్కలో తప్పు లేదు. సాఫ్ట్‌వేర్‌లో బగ్ లేదు. 40 మంది మాత్రం ఆ పచ్చరంగు కింద మాయమైపోయారు.

నేను ఈ వ్యాసంలో చెప్పదలుచుకున్నది ఇదే. రిపోర్ట్ చేసేటప్పుడు మనం పడే తిప్పలన్నీ చార్ట్ బాగా రావట్లేదన్న దాని గురించే. కానీ అసలు ప్రమాదం చార్ట్ బాగా వచ్చినప్పుడే. ఎందుకంటే బాగా వచ్చిన చార్ట్‌ని ఎవరూ ప్రశ్నించరు, చేసినవాడితో సహా.

మన ల్యాబ్‌లలో, మినీ ప్రాజెక్ట్ రివ్యూలలో తరచూ ఎదురయ్యే సమస్యలు కొన్ని తీసుకుందాం. ప్రతిదానికీ బటన్ నొక్కితే పోయే పరిష్కారం ఉంది. దాని వెనకాల బటన్ లేని ప్రశ్న కూడా ఒకటి ఉంది.

మొదటిది నెలల వరస. తేదీ కాకుండా నెల పేరుని టెక్స్ట్‌గా పెడితే సాఫ్ట్‌వేర్ అక్షరక్రమంలో పేరుస్తుంది. తెలుగులో పేర్లు రాస్తే అక్టోబర్, ఆగస్టు, ఏప్రిల్, ఆ తర్వాత జనవరి! కాలం ముందుకీ వెనక్కీ గెంతుతుంది. పరిష్కారం తేలికే: నెల నంబర్ ఉన్న కాలమ్ ఇంకోటి పెట్టుకుని, పవర్ బీఐలో అయితే సార్ట్ బై కాలమ్‌లో దాన్ని ఎంచుకోవాలి. ఇది కంటికి కనబడే తప్పు కాబట్టి ఎవరో ఒకరు నవ్వుతారు, మనం దిద్దుకుంటాం. దీని గురించి నాకు బెంగ లేదు.

రెండోది ఖాళీ పేజీలు. ఎస్ఎస్ఆర్ఎస్‌లో రిపోర్ట్ చేసి ప్రింట్ ఇస్తే ఒక పేజీ నిండుగా, ఒక పేజీ తెల్లగా వస్తుంది. ప్రింటర్‌ని తిట్టుకుంటాం. రిపోర్ట్ బాడీ వెడల్పుకి ఎడమ, కుడి మార్జిన్లు కలిపితే కాగితం వెడల్పు దాటుతుంటుంది, అంతే. బాడీ అంచుని మౌస్‌తో లోపలికి జరిపితే పోతుంది. ఇది కూడా కనబడే తప్పే.

ఇక కనబడనివి చూద్దాం.

బార్ చార్ట్‌లో నిలువు అక్షం. విలువల మధ్య తేడా తక్కువగా ఉంటే ఎక్సెల్ తనంతట తానే అక్షాన్ని సున్నా దగ్గర కాకుండా పైనుంచి మొదలుపెడుతుంది. మూడేళ్ల పాస్ పర్సంటేజ్ 82, 84, 86 అనుకోండి. అక్షం 80 దగ్గర మొదలైతే మొదటి బార్ ఎత్తు 2, చివరిది 6. చూసేవాడికి ఫలితాలు మూడింతలైనట్టు అనిపిస్తుంది. నిజానికి పెరిగింది 4 పాయింట్లు. బార్ అనేది పొడవుతో మాట్లాడే బొమ్మ, దాని కాళ్లు నరికితే అబద్ధం చెబుతుంది. అక్షం కనిష్ఠ విలువని 0 అని మనమే టైప్ చేయాలి. లైన్ చార్ట్‌కి ఈ నియమం అంత గట్టిగా వర్తించదు. అక్కడ చూసేది పొడవుని కాదు, వాలుని. జ్వరం చార్ట్‌ని సున్నా డిగ్రీల నుంచి గీస్తే రోగం కనబడదు కదా.

తర్వాతది జాయిన్. విద్యార్థుల టేబుల్‌కి ఫిర్యాదుల టేబుల్ కలిపాం. ఒకడు మూడు ఫిర్యాదులు పెడితే వాడి వరస మూడుసార్లు వస్తుంది. ఇప్పుడు విద్యార్థుల సంఖ్య లెక్కేస్తే హాస్టల్‌లో లేని మనుషులు కూడా పుట్టుకొస్తారు. ముందు ఫిర్యాదులని విద్యార్థి వారీగా కూడి, ఆ తర్వాత కలపాలి. లేదా విడి విలువలనే లెక్కించే డిస్టింక్ట్ కౌంట్ వాడాలి. రిపోర్ట్‌లో మొత్తం అంకె వచ్చిన ప్రతిసారీ మూల టేబుల్‌లో ఎన్ని వరసలున్నాయో ఒకసారి సరిచూసుకోవడం నేను ఈ మధ్యే నేర్చుకున్నా.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది లేని వరస. ఎస్క్యూఎల్‌లో గ్రూప్ బై చేస్తే, ఫిర్యాదులే రాని నెలకి సున్నా రాదు, అసలు ఆ నెలే రాదు. మార్చి పక్కన మే వచ్చి కూర్చుంటుంది, గీత నున్నగా సాగిపోతుంది. దీనికి మందు క్యాలెండర్ టేబుల్. అన్ని నెలలూ ఉన్న టేబుల్ ఒకటి ముందు పెట్టుకుని, దానికి డేటాని లెఫ్ట్ జాయిన్ చేయాలి. ఎక్సెల్ పివట్ టేబుల్‌లోనూ, పవర్ బీఐలోనూ డేటా లేని అంశాలని కూడా చూపించమనే ఆప్షన్ ఉంది. అది డీఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది.

లేని వరస ఖరీదు ఎంతో తెలియాలంటే హాస్టల్ దాటి బయటికి రావాలి. 1986 జనవరి 28న అమెరికా స్పేస్ షటిల్ ఛాలెంజర్ గాల్లోకి లేచిన 73 సెకన్లకి ముక్కలైంది. ఏడుగురు చనిపోయారు. రాకెట్ అతుకుల్లో ఉండే రబ్బరు ఓ రింగులు చలికి సరిగా పనిచేయకపోవడం కారణం. ముందురోజు రాత్రే రాకెట్ తయారీ సంస్థ ఇంజనీర్లు, ఇంత చలిలో వద్దని చార్టులు పంపి వాదించారు. ఉష్ణోగ్రతకీ రింగుల దెబ్బకీ సంబంధం ఉందా అన్న చర్చ వచ్చినప్పుడు, దెబ్బతిన్న ప్రయాణాలని మాత్రమే పోల్చి చూశారు. వాటిలో చలిలో జరిగినవీ ఉన్నాయి, 75 డిగ్రీల ఫారన్‌హీట్ వెచ్చదనంలో జరిగినదీ ఉంది. సంబంధం లేనట్టే కనబడింది.

ఆ తర్వాత విచారణ చేసిన రోజర్స్ కమిషన్, ఏ దెబ్బా తగలని ప్రయాణాలని కూడా పక్కన పెట్టి చూసింది. 66 డిగ్రీలు, ఆపైన జరిగిన 20 ప్రయాణాల్లో రింగులకి ఇబ్బంది వచ్చింది మూడింటిలోనే. 63 డిగ్రీలు, ఆ లోపు జరిగిన నాలుగింటిలో నాలుగూ దెబ్బతిన్నాయి. ప్రమాదం జరిగిన రోజు ఉష్ణోగ్రత దాదాపు 36. ఆ సున్నాలు పక్కనుంటే చిన్నపిల్లాడికైనా అర్థమయ్యే సంగతి. ప్రమాదానికి చార్ట్ ఒక్కటే కారణమని నేను అనట్లేదు. వద్దన్న ఇంజనీర్ల మాట పైవాళ్లు వినలేదు, అది ఇంకా పెద్ద కథ. కానీ "ఏమీ జరగలేదు" అన్నది కూడా డేటానే అని ఆ రాత్రి ఎవరైనా గుర్తు చేసి ఉంటే, వద్దన్నవాళ్ల చేతికి ఇంకో బలం దొరికేది.

సగటు సంగతి కూడా అంతే. 1973లో ఫ్రాన్సిస్ ఆన్‌స్కోంబ్ అనే గణాంక శాస్త్రవేత్త నాలుగు చిన్న డేటా సెట్లు తయారు చేశాడు. ఒక్కోదానిలో 11 బిందువులు. సగటు, విచలనం, సహసంబంధం దాదాపు ఒకటే. గీసి చూస్తే మాత్రం ఒకటి మామూలు వాలు, ఒకటి వంపు, మిగతా రెండిట్లో ఒక్క బిందువే మొత్తం కథని తారుమారు చేస్తుంది. స్టాటిస్టిక్స్ పేపర్‌లో దీన్ని చదివి మార్కులు తెచ్చుకున్న నేనే, గేజ్ చార్ట్ పెట్టి 400 మందిని ఒక్క అంకెలోకి నొక్కేశా.

"పెద్దవాళ్లకి టైమ్ ఉండదు, ఒక్క పేజీలో ఒక్క అంకె చెప్పాలి" అని మీరు అనొచ్చు. నేనూ అదే అనుకున్నా. నిజమే, 400 వరసల ఎక్సెల్ షీట్ ఇస్తే ఎవరూ చదవరు. సారాంశం కావాలి. కానీ సారాంశం అంటే ఎవరో ఒకరిని దాచడం కాదు. 3.9 అన్న అంకె పక్కనే నాలుగు బార్లు పెట్టడానికి ఎంత చోటు కావాలి? అరచేయంత.

అందుకే రెండో రిపోర్ట్ చేశా. గేజ్ తీసేశా. అడ్డంగా నాలుగు బార్లు, తక్కువ మార్కులది పైన. ఒక్కో బార్ పక్కన ఎంతమంది జవాబిచ్చారో రాశా, ఎందుకంటే 40 మంది సగటుకీ 130 మంది సగటుకీ బరువు వేరు. సి బ్లాక్‌లో అంత తక్కువమంది ఎందుకు నింపారని కూడా కనుక్కున్నా. "నింపితే ఏమవుద్ది?" అన్నది ఎక్కువమంది చెప్పిన మాట. ఆకుపచ్చ, ఎరుపు రెండూ వదిలేశా. ఆ రంగుల తేడా తెలియనివాళ్లు కొందరుంటారు. పైగా నోటీస్ బోర్డుకి ఎక్కేది జిరాక్స్ కాగితం, అందులో రెండూ ఒకటే బూడిద. సి బ్లాక్ బార్‌ని ముదురుగా, మిగతావి లేతగా పెట్టా.

ఇంకో ఇబ్బంది వచ్చింది. ట్యాంకుల పని చూసే అన్న ఇంగ్లీష్ చదవలేడు. నా మొదటి రిపోర్ట్ మీటింగ్ దాటి ఆయన దగ్గరికి వెళ్లినా ఉపయోగం ఉండేది కాదు. సరే, తెలుగులో లేబుళ్లు పెడదామని పైథాన్‌లో మాట్‌ప్లాట్‌లిబ్ మీద గీశా. అక్షరాల బదులు ఖాళీ డబ్బాలు వచ్చాయి. దాని డీఫాల్ట్ ఫాంట్‌లో తెలుగు అక్షరాలు లేవు. నోటో సాన్స్ తెలుగు ఫాంట్ పెడితే డబ్బాలు పోయాయి కానీ, నా వెర్షన్‌లో ఒత్తులు విడిపోయాయి. "నీళ్లు" అన్న మాటలో ల వత్తు ళ కింద కూర్చోకుండా పక్కకి వచ్చి నిలబడింది. ఫాంట్ ఉంటే చాలదు, అక్షరాలని కూర్చే పని కూడా సాఫ్ట్‌వేర్‌కి తెలియాలి. బ్రౌజర్లకి ఆ పని బాగా వచ్చు. అందుకని చార్ట్‌ని వెబ్ పేజీగా చేసి, బ్రౌజర్ నుంచే పీడీఎఫ్ తీశా. వత్తు కిందికి దిగింది.

ఆ కాగితం పట్టుకెళ్తే అన్న ఒక్క నిమిషం చూసి, "సి బ్లాక్ ట్యాంకేనా?" అన్నాడు. సాయంత్రం మూత తీశారు. అడుగున వేలెడు మందం బురద. మర్నాడు కడిగించారు, ఫిల్టర్ మార్చారు. అంతే పని. కానీ నా పచ్చ గేజ్‌కీ ఈ కాగితానికీ మధ్య మూడు వారాలు గడిచాయి. సి బ్లాక్ ఫ్రెండ్ ఆ మూడు వారాల్లో కడుపునొప్పితో రెండు ల్యాబ్ ఇంటర్నల్స్ పోగొట్టుకున్నాడు. నీళ్ల వల్లేనని డాక్టర్ ఎవరూ రాసివ్వలేదు. నేను మాత్రం వాడి ముందు ఆ మాట ఎత్తలేను.

మన రివ్యూలలో డ్యాష్‌బోర్డ్ చూపిస్తే అడిగే ప్రశ్నలేంటి? "ఇంకొంచెం కలర్‌ఫుల్‌గా చేయొచ్చుగా", "ఇంకో పై చార్ట్ పెట్టు". మార్కులు కూడా వాటికే. నా అభిప్రాయంలో అడగాల్సినవి వేరే మూడున్నాయి. ఈ మొత్తంలో ఏ గుంపు కనబడట్లేదు? సున్నాలు ఎక్కడికి పోయాయి? దీన్ని చూసి పని చేయాల్సిన మనిషి దీన్ని చదవగలడా? ఏ టూల్‌లోనూ వీటికి మెనూ ఉండదు. సార్లు అడగకపోతే మనమే ఒకరినొకరం అడుగుదాం. రేపు ఉద్యోగాల్లో మనం చేసే రిపోర్టుల వెనక హాస్టల్ బ్లాక్ ఉండదు, ఆసుపత్రి వార్డో, ఊరి రేషన్ జాబితానో ఉంటుంది. అక్కడ ఫోన్ తీసి "మా బ్లాక్ ఎక్కడ రా?" అని అడిగే ఫ్రెండ్ మనకి ఉండకపోవచ్చు.

ఈ సెమిస్టర్ సర్వే మళ్లీ మొదలైంది. ఫారం ఈసారి తెలుగులో కూడా ఉంది. నిన్న రాత్రికి సి బ్లాక్ నుంచి 71 జవాబులు వచ్చాయి. రిపోర్ట్ చేశాక సార్‌కి పంపేముందు మా ఫ్రెండ్‌కి చూపిస్తా. వాడు తన బ్లాక్‌ని వెతుక్కోగలిగితేనే పంపిస్తా.