ఇంటి గుట్టు

"ఇంటి గుట్టు లంకకు చేటు" అన్న సామెతకు ఏ తరగతిలో అడిగినా పిల్లలు ఒకే అర్థం చెబుతారు: ఇంట్లో సంగతి బయట చెప్పకూడదని. ఉత్తరాదికి వెళితే ఇదే 'ఘర్ కీ బాత్' అవుతుంది. నాకొక సందేహం. లంక చెడింది విభీషణుడు నోరు విప్పినందుకా, రావణుడు చేసిన పనికా?

బదిలీల మీద నడిచే మన ఇళ్లలో ఈ సామెత మరీ బరువు. అమ్మమ్మ దూరం, పక్కింటివాళ్లు కొత్త, భాష రాదు. అమ్మ బాధ చూసేది మీరొక్కరే. కొట్టడం ఒక్కటే హింస కాదు. ఆమె జీతం, ఏటీఎం కార్డు లాక్కోవడం, పుట్టింటివాళ్లతో మాట్లాడనివ్వకపోవడం, క్వార్టర్స్‌లో ఎవరితోనూ కలవనివ్వకపోవడం, రోజూ తిట్టి చిన్నబుచ్చడం కూడా హింసే. 2005 నాటి గృహహింస చట్టం మాటలతో, డబ్బుతో పెట్టే బాధనూ లెక్కలోకి తీసుకుంది. స్కూటర్ చప్పుడు వినగానే ఇల్లంతా నోరు మూసుకుంటుంటే, ఏ ఊరు వెళ్లినా అమ్మ "బాత్‌రూమ్‌లో జారిపడుతుంటే" ఆలోచించండి. అన్ని ఊళ్ల బాత్‌రూములూ ఒకేలా జారవు.

"మన ఊరు కాదు, ఇక్కడ ఎవరు వింటారు?" అని ఊరుకునే తల్లులు ఎందరో. ఆ చట్టంలో నాకు బాగా నచ్చింది ఇదే: తాత్కాలికంగా ఉంటున్న చోటైనా సరే, అక్కడి మేజిస్ట్రేట్ కోర్టుకు వెళ్లవచ్చు. బాధపడుతున్న మనిషే చెప్పాలనీ లేదు. తెలిసినవారెవరైనా రక్షణాధికారికి చెప్పవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవారిపై కేసు ఉండదు. నాన్నను జైల్లో పెడతారేమోనని మీకు భయం. ఈ చట్టం కింద కోర్టు మొదట ఇచ్చేది హింస ఆపమనే ఉత్తర్వు. దాన్ని మీరితే శిక్ష.

గొడవ జరుగుతుంటే మధ్యలోకి వెళ్లకండి. తమ్ముణ్ణో చెల్లినో తీసుకుని బయటపడండి, 112కి ఫోన్ చేయండి. పిల్లల కోసం 1098, అమ్మ కోసం 181 ఉన్నాయి. ఇంట్లో ఫోన్ చూస్తారనుకుంటే మరో ఫోన్ నుంచి చేయండి. అక్కడి భాష సరిగా రాకపోయినా క్వార్టర్ నంబరు చెప్పగలగాలి, అది కంఠస్థం చేయండి. పద్యాలు తరవాతైనా ఫరవాలేదు.

ఫోన్ చేయలేకపోతే టీచరుకు చెప్పండి. "ఎవరికీ చెప్పను" అని మాత్రం నేను మాట ఇవ్వలేను, సాయం చేయగలవాళ్లకు చెప్పవలసి వస్తుంది. ఎవరికి చెబుతున్నానో ముందు మీకే చెబుతాను. స్టాఫ్ రూమ్‌కు రండి, పరీక్షల మధ్యలోనైనా సరే.