సామానుకి కాదు, తష్ఖీస్‌కి డబ్బులివ్వండి

సెల్ఫ్ బ్రహ్మాండంగా తిరుగుతుంది. బండి మాత్రం అందుకోదు. అరగంట ఆగి తాళం తిప్పితే ఏమీ జరగనట్టు స్టార్ట్ అయిపోతుంది. కార్లకొచ్చే బీమారీలన్నిటిలో ఇంతకంటే బద్మాష్ బీమారీ లేదని నా ఖయాల్. పూర్తిగా ఆగిపోయిన బండిని బాగుచెయ్యడం ఆసాన్, ఎందుకంటే లోపం అక్కడే కూర్చుని ఉంటుంది. ఇది అలా కాదు. రోడ్డు మీద పరేషాన్ చేసి, షెడ్డు గుమ్మం ఎక్కగానే శరీఫ్ అయిపోతుంది.

ఈ బీమారీకి మన దగ్గర జరుగుతున్న ఇలాజ్ మొత్తం తలకిందులుగా ఉంది. అందులో మెకానిక్ కసూర్ ఎంతో బండి ఓనర్ కసూర్ కూడా అంతే. మనం సామానుకి డబ్బులిస్తాం, తష్ఖీస్‌కి ఇవ్వం. తష్ఖీస్ అంటే రోగం ఏంటో తేల్చడం. హకీం నాడి పట్టుకుని చేసే పని. మన అలవాటు వల్ల ఆ పని చేసేవాడికి రోజీ లేకుండా పోతోంది.

మా ఖాలా కొడుకుది మురమళ్ళ. నాకంటే పెద్దవాడు, భాయిజాన్ అంటాను. సెకండ్‌హ్యాండ్ పెట్రోల్ కారొకటి కిరాయికి తిప్పుకుంటాడు. మురమళ్ళ ఎలాంటి ఊరో కోనసీమ వాళ్లకు చెప్పక్కర్లేదు. వీరేశ్వరస్వామి గుళ్లో రోజూ సాయంత్రం కల్యాణం. దాని కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు. 216 హైవే ఊరి మీదుగానే పోతుంది. ఒకవైపు ముమ్మిడివరం, అమలాపురం. ఇంకోవైపు ఎదుర్లంక, గౌతమి మీద బాలయోగి వంతెన, యానాం, కాకినాడ. కల్యాణానికి వచ్చేవాళ్లని తేవడం, తిరిగి కాకినాడలో రైలెక్కించడం, అర్ధరాత్రి నొప్పులొచ్చిన ఆడమనిషిని ఆస్పత్రికి చేర్చడం, ఇదీ భాయిజాన్ రోజీ. బండి మీద ఐత్‌బార్ పోతే ఈ ధంధా లేదు. ఇరవైసార్లు బాగా తిరిగి ఒక్కసారి ఆగినా, ఎవరి రైలు తప్పిందో వాళ్లు మళ్ళీ ఫోన్ చెయ్యరు.

ఆ బండి ఇలాగే మొరాయించడం మొదలుపెట్టింది. మూడు నెలల్లో మూడు షెడ్లు తిరిగాడు. మొదటి షెడ్డులో బ్యాటరీ మార్చారు. సెల్ఫ్ గట్టిగా తిరుగుతున్న బండికి బ్యాటరీ ఎందుకని ఎవరూ అడగలేదు. రెండో షెడ్డులో ప్లగ్గులు, ఎయిర్ ఫిల్టర్. మూడో షెడ్డులో పెట్రోల్ పంపు. మొత్తం 17 వేలు. ప్రతిసారీ బండి నాలుగైదు రోజులు బాగా తిరిగింది. ప్రతిసారీ "చెప్పాను కదా భాయ్, అదే లోపం" అన్నారు. ప్రతిసారీ మళ్ళీ ఆగింది. మధ్యలో సలహాలు ఫ్రీ. "యానాం పెట్రోల్ కొట్టిస్తున్నావు, అందుకే" అన్నవాళ్లే ఎక్కువ. పుదుచ్చేరి పన్ను తక్కువ కాబట్టి అక్కడ పెట్రోల్ చౌక, ఇటువైపు బండ్లు చాలా అక్కడే ట్యాంకు నింపుకుంటాయి. చౌకగా వచ్చింది కాబట్టి ఖరాబు అయ్యుంటుందని ఇల్జామ్. ఒక్క నిమిషం సోంచాయిస్తే ఈ ఇల్జామ్ నిలబడదు. పెట్రోల్‌లో లోపముంటే బండి నడుస్తున్నప్పుడు కూడా దగ్గాలి, ఈడ్చాలి. పొద్దున్న ఆ పెట్రోల్‌తోనే ఒక్క తిప్పుకి అందుకుని, మధ్యాహ్నం అందుకోక, అరగంట తర్వాత మళ్ళీ అందుకుంటే అది పెట్రోల్ కసూర్ ఎలా అవుతుంది?

నాలుగోసారి భాయిజాన్‌ని ఒక ముసలి ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన బానెట్ ఎత్తలేదు. ముందు సవాళ్లు మొదలుపెట్టాడు.

"ఎప్పుడు ఆగుద్ది బేటా?"

"వేడి మీద చాచా. పొద్దున్నే ఎప్పుడూ ఆగలేదు. అమలాపురం పోయి, ఓ పది నిమిషాలు ఆపి మళ్ళీ తిప్పితే అందుకోదు."

"మళ్ళీ ఎంతసేపటికి అందుకుంటది?"

"అరగంట. నీడలో పెడితే ఇంకా తొందరగా."

"సెల్ఫ్ కొట్టేటప్పుడు ఆర్‌పీఎం ముల్లు కదులుద్దా?"

"అది చూడలేదు చాచా."

"ఆయ్, అయితే బండి ఇక్కడ వదిలెళ్ళు. అది మొరాయించేటప్పుడు నేను పక్కనుండాలి. ఇప్పుడు చూసి ఏం లాభం, ఇప్పుడది బాగానే ఉంది కదా."

ఆ ఆఖరి మాటలోనే మొత్తం ఇల్మ్ ఉంది. లోపం లేనప్పుడు చేసిన పరీక్ష గవాహీ కాదు.

రెండో రోజు మధ్యాహ్నం బండి ఆయన ముందే మొండికేసింది. తాళం తిప్పగానే వెనక సీటు కింద పంపు రెండు సెకన్లు గుయ్‌మంది, అంటే పంపుకి కరెంటు ఉంది. డ్యాష్‌బోర్డు మీద తాళం గుర్తు దీపం ఎప్పటిలాగే వెలిగి ఆరిపోయింది, అంటే ఇమ్మొబిలైజర్ తాళాన్ని గుర్తుపట్టింది. సెల్ఫ్ కొడితే ఆర్‌పీఎం ముల్లు సున్నా మీద నుంచి లేవలేదు. ప్లగ్గుకి కరెంటు లేదు, ఇంజెక్టర్‌కి సిగ్నల్ లేదు. రెండూ ఒకేసారి పోయాయంటే ఆ రెండిటికీ హుకుం ఇచ్చే చోట గడబిడ ఉంది. ఇంజన్ తిరుగుతోందని కంప్యూటర్‌కి ఖబర్ చేసేది క్రాంక్ సెన్సార్. ఆ ఖబర్ రాకపోతే కంప్యూటర్ పెట్రోల్ చల్లదు, ప్లగ్గులో నిప్పు రాజెయ్యదు. చాచా సెన్సార్ వైర్లు కదిపి చూశాడు, తేడా లేదు. సెన్సార్‌కి తడిగుడ్డ చుట్టి కాసేపు ఆగాడు. బండి అందుకుంది.

అప్పుడు కూడా కొత్త సెన్సార్ తెమ్మనలేదు. "ఒక్కసారి అయితే ఇత్తెఫాక్ కావచ్చు" అని మళ్ళీ వేడెక్కేదాకా తిప్పాడు. మళ్ళీ ఆగినప్పుడు మీటర్ పెట్టి కొలిచాడు. వేడి మీద సెన్సార్ లోపలి చుట్ట తెగిపోయినట్టు చూపించింది. చల్లారాక కొలిస్తే ఆ చుట్టే మళ్ళీ కలిసింది. సెన్సార్ 1,400, ఆయన మెహనత్ 600. ఏడాది దాటింది, బండి మళ్ళీ ఆగలేదు.

ఆయన దగ్గర జాదూ ఏమీ లేదు. ఇంజన్ అందుకోవాలంటే గాలి, పెట్రోల్, నిప్పు, కంప్రెషన్ సరైన వేళకి కలవాలి. పోయి మళ్ళీ అరగంటలో తిరిగొచ్చే గుణం వీటిలో దేనికుందని అడగాలి. కంప్రెషన్‌కి మామూలుగా ఆ గుణం లేదు. కరెంటుతో నడిచేవాటికి ఉంది. ఎప్పుడు ఆగుతోందన్నది సగం దారి చూపిస్తుంది. వేడి మీదే ఆగితే క్రాంక్ సెన్సార్, రిలే లోపల పగిలిన టాంకా, ముసలిదైన పంపు మీద శక్ పడాలి. వానాకాలంలోనే అయితే కాయిల్స్, కప్లర్లు. రాత్రంతా నిలబడ్డాక పొద్దున్న మాత్రమే సతాయిస్తే లైన్‌లో పెట్రోల్ ప్రెషర్ దిగిపోతోందేమో చూడాలి. డీజిల్ బండైతే పైపుల్లోకి గాలి దూరుతోందా, ఫిల్టర్‌లో నీళ్లున్నాయా చూడాలి. ఏ లెక్కా లేకుండా ఆగితే ఎర్తింగ్, తాళం చిప్పు, ఎలుకలు కొరికిన వైర్లు.

మన కోనసీమకి ఇంకో ముసీబత్ ఉంది. సముద్రం దగ్గర, గాలిలో ఉప్పు, ఏడాదంతా తేమ. కప్లర్ విప్పితే లోపల పచ్చ చిలుము. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటి వరదొచ్చింది, లంక గ్రామాలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. వరద నీళ్లలో నిలబడ్డ కారుని పైకి ఎంత కడిగి మెరిపించినా, తివాచీ కింద వైర్లలో ఆ నీళ్ల నిషాన్ ఏళ్ల తర్వాత బయటపడుతుంది. ఇటువైపు సెకండ్‌హ్యాండ్ కొనేవాళ్లు బానెట్ కంటే ముందు తివాచీ ఎత్తి చూడాలి.

ఓనర్ చెయ్యగలిగిన పని చాలా ఉంది, దానికి పైసా ఖర్చు కాదు. బండి బాగున్న రోజునే పంపు చప్పుడు వినిపెట్టుకోండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు ముల్లు లేస్తుందో లేదో చూసిపెట్టుకోండి, కొన్ని బండ్లలో బాగున్నా లేవదు. ఆగిన రోజు డ్యాష్‌బోర్డుని ఫోన్‌లో వీడియో తీయండి. టైము, ఎండ, వాన, ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆపారు, ఒక కాగితం మీద రాయండి. పంపు రిలే, హారన్ రిలే ఒకే రకమైతే రెండిటినీ అటూ ఇటూ మార్చి చూడొచ్చు. పది సెకన్లకు మించి సెల్ఫ్ ఒకే బిగువున కొట్టకండి, మోటార్ వేడెక్కి అది కూడా పోతుంది. పెట్రోల్ వాసన వస్తుంటే ప్లగ్గులు విప్పి నిప్పు పరీక్షలు చెయ్యకండి, అది జాన్‌తో చెలగాటం.

స్కానర్ పెట్టించాం కదా అంటారు కొందరు. స్కానర్ మంచిదే. కానీ అది ఇచ్చే కోడ్ శక్ మాత్రమే, సబూత్ కాదు. పీ0335 అని వస్తే క్రాంక్ సెన్సార్ సర్క్యూట్‌లో గడబిడ అని అర్థం. సర్క్యూట్ అంటే సెన్సార్ ఒక్కటే కాదు, దాని వైరు, కప్లర్, కంప్యూటర్ దాకా వెళ్లే దారంతా. కోడ్ చూసి సెన్సార్ మార్చేసేవాడు, పోలీసు అనుమానించాడని మనిషిని ఉరితీసేవాడు ఒకటే.

ఈ వేడి బీమారీ పెద్ద పెద్ద కంపెనీలనే కోర్టుకీడ్చింది. అమెరికాలో ఫోర్డ్ 1983 నుంచి 1995 దాకా చాలా మోడళ్లలో ఇగ్నిషన్ మాడ్యూల్‌ని ఇంజన్ వేడి తగిలే చోట, డిస్ట్రిబ్యూటర్ మీద బిగించింది. వేడెక్కితే బండి ఆగిపోతోందని, చల్లారితే మళ్ళీ నడుస్తోందని జనం ఫిర్యాదులు చేశారు. చల్లారిన మాడ్యూల్‌ని పరీక్షిస్తే ఎంతసేపూ బేకసూర్‌గానే కనబడుతుంది. చివరికి 2000లో కాలిఫోర్నియా జడ్జి ఒకాయన సుమారు 17 లక్షల బండ్లని వెనక్కి పిలవమని హుకుం ఇచ్చాడు. మరుసటి ఏడాది కంపెనీ సులహ్‌కి వచ్చింది. అంత పెద్ద దేశంలోనే ఈ లోపాన్ని సాబిత్ చెయ్యడానికి అన్నేళ్లు పట్టింది. మన షెడ్డు మేస్త్రీ పావుగంటలో చెప్పాలని మనం గుమ్మంలో నిలబడి తొందరపెడతాం.

ఇక అసలు విషయం. డాక్టర్ మందు రాయకపోయినా ఫీజిస్తాం. మేస్త్రీ రెండ్రోజులు కష్టపడి "తీగ ఊడింది, బిగించాను, 500 ఇవ్వండి" అంటే, "తీగ బిగించడానికి 500 ఏంటండీ" అంటాం. అదే అతను ఎనిమిది వేల పంపు మారిస్తే మాట్లాడకుండా ఇచ్చేస్తాం, ఎందుకంటే చేతికి డబ్బా కనబడింది. అప్పుడు అతనేం చేస్తాడు? తన కూలీని సామాను మార్జిన్‌లో దాచుకుంటాడు. అందరి నియ్యత్ ఖరాబు అని నేననను. ఇలా బతకమని మనమే మజ్బూర్ చేశాం. నష్టం షాగిర్ద్‌లకి కూడా. ఉస్తాద్ మార్చడమే తప్ప వెతకడం చూడని పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు?

కిరాయి బండివాడు రెండ్రోజులు షెడ్డులో వదిలితే ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందని అడగొచ్చు. వాజిబ్ సవాలే. మా భాయిజాన్ రెండ్రోజులు వదల్లేక మూడు నెలలు తిరిగాడు, 17 వేలు పోశాడు, కిరాయిలు పోగొట్టుకున్నాడు. లెక్క వేస్తే రెండ్రోజులే సస్తా.

మేస్త్రీల వైపు నుంచి కూడా ఒక షికాయత్ ఉంది, అది నిజం. వైరింగ్ నక్షాలు, సర్వీసు పుస్తకాలు బయట షెడ్లకి దొరకవు. అమెరికాలో మసాచుసెట్స్ జనం 2012లోనే ఓటేసి కార్ల మరమ్మతు హక్కు తెచ్చుకున్నారు. మన కేంద్ర ప్రభుత్వం 2022 డిసెంబర్‌లో మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. పోర్టల్ చాలదు. ముమ్మిడివరం షెడ్డులో కూర్చున్న మేస్త్రీ చేతికి నక్షా రావాలి, అది తెలుగులో ఉండాలి.

ఈలోగా మన చేతుల్లో ఉన్నది మనం చేద్దాం. బండి వదిలేటప్పుడే "వెతికినందుకు ఇంత" అని ముందు మాట్లాడుకోండి, సామాను పడినా పడకపోయినా ఇవ్వండి. మార్చిన పాత సామాను అడిగి తీసుకోండి. ఏదైనా మార్చే ముందు "ఇదేనని ఎలా తెలిసింది చాచా?" అని అదబ్‌తోనే అడగండి. దానికి జవాబు చెప్పిన మేస్త్రీని వదులుకోకండి. "ఇంకా తెలీలేదు, రేపు కూడా ఉంచండి" అన్న మేస్త్రీని అస్సలు వదులుకోకండి.