బిగిసిన లీవరు

బురద దాటి తారురోడ్డు ఎక్కిన పికప్ ట్రక్కు ఒక్కొక్కప్పుడు ఫోర్ వీల్ డ్రైవ్ నుంచి బయటపడదు. లోపం లీవరులోనే ఉన్నదని డ్రైవరు దానిని బలంగా లాగుతాడు. మలుపులో ముందు చక్రాలు వెనుక చక్రాలకన్నా ఎక్కువ దూరం తిరగవలసి ఉంటుంది. బురదలో చక్రాలు కొంత జారి ఆ తేడా తీరిపోతుంది. గట్టి నేలపై అది తీరక, ఇరుసుల నడుమ మెలిపడి, ట్రాన్స్‌ఫర్ కేసులోని పళ్లచక్రాలను బిగించివేస్తుంది.

అప్పుడు బలప్రయోగం చేస్తే లోపలి భాగాలు విరగవచ్చు. స్టీరింగును తిన్నగా ఉంచి, బండిని కొన్ని గజాలు మెల్లగా వెనుకకు నడపాలి. మెలి సడలిన పిమ్మట క్లచ్ తొక్కి లాగితే లీవరు సాధారణంగా తేలికగా వస్తుంది. అప్పటికీ రాకపోతే నాలుగు టైర్ల అరుగుదల సమానంగా ఉన్నదో లేదో చూడాలి. స్విచ్చితో పనిచేసే బండిలో వైర్లను, మోటారును పరీక్షింపవలసి ఉంటుంది. లీవరు వచ్చేవరకు తారురోడ్డు మలుపులలో వేగం ప్రమాదకరం.