నాణెము నుండి నక్షత్రము



పాత వెండి రూపాయలను కంసాలికిచ్చి కడియాలో, పట్టీలో చేయించుకొన్న కుటుంబములు మన పల్లెల్లో అనేకము. అటువంటి సంగతే ఒకటి అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రములో ఉన్నది. అయితే అక్కడ వెండి నాణెము నగ కాలేదు, రక్షకభటుని రొమ్ము మీద గుర్తు అయింది. ఈ నెల మనము ఆ సంగతి చెప్పుకొందాము.

టెక్సాస్ ఒకప్పుడు మెక్సికో దేశములో భాగము. 1823లో స్టీఫెన్ ఆస్టిన్ అనే ఆయన, తాను వెంట తెచ్చిన వలస కుటుంబముల కాపలాకు కొద్దిమందిని పెట్టాలని తలంచాడు. టెక్సాస్ రేంజర్ల చరిత్ర అక్కడ మొదలవుతుంది. 1835లో వారి దళము చట్టరీత్యా ఏర్పడింది. వారికి యూనిఫారము లేదు. 19వ శతాబ్దములో ప్రభుత్వము వారికి బ్యాడ్జీలు కూడ ఇవ్వలేదు. తాను రేంజరునని నిరూపించుకోవలసి వస్తే, అధికార పత్రము తీసి చూపేవాడు.

అయినను కొందరు తమంతట తామే బ్యాడ్జీ చేయించుకొన్నారు. అందుకు మెక్సికో వెండి నాణెము చక్కగా సరిపోయింది. ఆ నాణెములు సరిహద్దు ప్రాంతములో విరివిగా చెలామణి అయ్యేవి. 1857 వరకు అమెరికాలో అవి చట్టరీత్యా చెల్లుబడి కూడ అయ్యేవి. వాటిలో నూటికి తొంభై పాళ్లు వెండి ఉంటుంది గనుక ఆకురాయికి, ఉలికి లొంగుతుంది. పైగా ముందే గుండ్రముగా ఉన్నది. పనివాడు ఒకవైపు ముద్రను అరగదీసి, నడుమ అయిదు కోణముల నక్షత్రము గీచి, నక్షత్రమునకు అంచుకు మధ్యనున్న వెండిని సన్నని రంపముతో కోసి తీసివేస్తాడు. అప్పుడు బండిచక్రములో నక్షత్రము నిలిచినట్లుంటుంది. ఆ మీదట అక్షరములు చెక్కి, వెనుక పిన్ను అతికిస్తాడు. ఒంటి నక్షత్రము టెక్సాస్ జెండా మీది గుర్తే.

1935లో రేంజర్లు రాష్ట్ర ప్రజా భద్రతా శాఖలో చేరారు. 1962లో హార్డీ పర్విస్ అనే రేంజరు, ఆయన తల్లి కలిసి, అప్పుడున్న 62 మంది రేంజర్లకు సరిపడునన్ని మెక్సికో అయిదు పెసోల నాణెములను ఉచితముగా ఇచ్చారు. అప్పటినుండి పాత చక్రపు నమూనాయే అధికారిక బ్యాడ్జీ అయింది. ఈ పనికి పేరుపడినవి 1947, 1948లలో ముద్రించిన అయిదు పెసోల నాణెములు. ఒక్కొక్కటి 30 గ్రాముల బరువు. బ్యాడ్జీ చక్రము మీద ఒకవైపు బలమునకు గుర్తుగా ఓక్ ఆకులు, మరొకవైపు సమాధానమునకు గుర్తుగా ఒలీవ ఆకులు చెక్కుతారు.

వినుటకు ఇంపుగానే ఉన్నది గాని, కథ ఇంతటితో ముగియలేదు. మెక్సికో వెండిని రొమ్మున ధరించిన ఈ దళమే మెక్సికో సంతతివారి యెడల ఘోరముగా ప్రవర్తించిన దినములున్నవి. 1918 జనవరి 28న పోర్వెనీర్ అనే చిన్న పల్లెలో రేంజర్లు, వారితో వచ్చిన కొందరు పశువుల ఆసాములు కలిసి, ఆయుధములు లేని 15 మంది పురుషులను, బాలురను కాల్చి చంపారు. ఆ నేరమునకు ఎవరికిని శిక్ష పడలేదు. మరుసటి సంవత్సరము, 1919లో, శాసనసభ్యుడు హోసే తోమాస్ కనాలెస్ రేంజర్ల మీద 19 ఆరోపణలు సభ ముందు పెట్టాడు. బెదిరింపులు వచ్చినను ఆయన వెనుదీయలేదు. విచారణ జరిగింది. దళము సంఖ్య తగ్గించబడింది. ప్రజలు ఫిర్యాదు చేసుకొనుటకు మార్గము ఏర్పడింది. పోర్వెనీర్ మృతుల జ్ఞాపకార్థము ప్రభుత్వ ఫలకము నిలిచినది మాత్రము 2018లోనే, అనగా నూరు సంవత్సరములకు!

మరొక సంగతి. పాత రేంజరు బ్యాడ్జీలకు గిరాకీ హెచ్చు గనుక నకిలీలు కుప్పలుగా తయారైనవి. పాతకాలపు వెండి నాణెము వాడినంత మాత్రాన బ్యాడ్జీ పాతది కాదు గదా! వెండి నిజమైనదే, గుర్తు అబద్ధము.

మేము ఈ రెండు సంగతులను కలిపి ఆలోచించాము. నాణెము బ్యాడ్జీ అయిన దినమున దానితో గుప్పెడు గింజలు కూడ కొనలేము. ఇక దాని విలువ అంతయు దానిని పెట్టుకొన్న మనిషి నడవడిలోనే ఉన్నది. నమ్మకస్థుని రొమ్మున అది ఊరికి ధైర్యము. అన్యాయస్థుని రొమ్మున అదే వెండి ఊరికి భయము.

మన ఇండ్లకును అధికారులమని చెప్పుకొని వచ్చేవారున్నారు. గుర్తును చూచి బెదరక, కాగితము చూపమని మర్యాదగా అడుగుదము. ఇంటి యజమానియైనను, సంఘ పెద్దయైనను, బడి పంతులైనను, మన చేతిలోను ఏదో ఒక అధికారము ఉన్నది. మనము గుమ్మములో అడుగుపెట్టినప్పుడు మన పిల్లలు ఎదురు వస్తున్నారా, మూలకు ఒదుగుతున్నారా? ఈ నెల అది కనిపెట్టి చూతము.