తెరమీది చిల్లర సామాను

వేసవి వచ్చిందంటే మా పల్నాటివారికి రెండు లెక్కలు కావాలి: రెంటచింతలలో యెండ యెన్ని డిగ్రీలు, నాగార్జునసాగరులో నీరు యెన్ని అడుగులు. నిండుమట్టం 590 అడుగులని నరసరావుపేటలో చాలామందికి కంఠతా వచ్చు. యెండ లెక్క యిప్పుడు కంప్యూటరు తెరమీద వో మూల దానంతటదే కనిపిస్తున్నది. పక్కన గడియారం, క్యాలెండరు. వీటినే విడ్జెట్లంటారు.

వీటి పుట్టుక తమాషా అయినది. 1981లో ఆపిల్ కంపెనీవారు మాకింతోష్ యంత్రాన్ని తయారుచేస్తున్నారు. అది వొకసారికి వొక్క పనే చెయ్యగలదు. వుత్తరం రాస్తూ మధ్యలో కూడిక వేసుకోవాలంటే వుత్తరం మూసెయ్యవలసిందే! మన రాతబల్లమీద కాగితంతోబాటు గడియారం వుండదా అని బడ్ ట్రిబుల్ ఆలోచన చెప్పాడు. ఆండీ హెర్జ్‌ఫెల్డ్ సాధించాడు. మొదట వాటికి ‘బల్లమీది అలంకారాలు’ అని పేరు. 1984 జనవరిలో యంత్రం బజారుకెక్కేసరికి ‘బల్ల సరంజామా’ అయింది.

అందులో లెక్కల పెట్టెను క్రిస్ ఎస్పినోజా అనే కుర్రవాడు గీశాడు. స్టీవ్ జాబ్స్‌గారు పెళ్లిచూపులకు వచ్చిన మేనత్తలాగా రోజుకో వంక పెట్టారు. కుర్రవాడు విసిగి, గీతల మందం, మీటల సైజు ఆయనే మార్చుకునే యేర్పాటు చేసి ముందు పెట్టాడు. పది నిమిషాల్లో పేచీ తీరింది! ఆ రూపమే యేళ్ల తరబడి నిలిచింది. యెవరికి కావలసినట్టు వారే దిద్దుకోవడమన్న ధర్మం అక్కడే మొలకెత్తింది.

2003లో ఆర్లో రోజ్, పెర్రీ క్లార్క్ అనే యిద్దరు కాన్ఫాబ్యులేటర్ తెచ్చారు. జావాస్క్రిప్టు కాస్త వచ్చిన వారెవరైనా సొంత విడ్జెట్టు చేసుకోవచ్చు. 2005లో ఆపిల్‌వారి డాష్‌బోర్డు, 2007లో విండోస్ విస్టా గాడ్జెట్లు వచ్చాయి. అయితే యెవరైనా చెయ్యవచ్చునంటే దొంగ కూడా చెయ్యవచ్చు గదా? 2012లో మైక్రోసాఫ్టువారు యీ గాడ్జెట్లు దొంగలకు దిడ్డివాకిలి అవుతాయని హెచ్చరించి, వాటిని ఆపివేసే సాధనం యిచ్చారు. 2019లో డాష్‌బోర్డూ పోయింది. 2021లో విండోస్ 11తో, 2023లో మాక్ తెరమీద విడ్జెట్లు మళ్లీ వచ్చాయి.

కంపెనీకి యిది చిల్లర సామానే. కాని పిల్లలు అమెరికాలో వున్న యింట్లో తెరమీది రెండో గడియారం చిల్లర వస్తువా, చెప్పండి! అర్ధరాత్రి పిల్లవాణ్ణి లేపకుండా తల్లిని ఆపేది అదే. అటువంటిది మన యింట్లో వుండాలో, పోవాలో కంపెనీవారు నిర్ణయిస్తున్నారు.

అందుకే కాలేజీ పిల్లలకు నా మనవి వొకటి. సాగరు నీటిమట్టాన్ని తెలుగులో చూపే చిన్న పెట్టె వొకటి మీరే చేసిపెట్టండి. దానికి పెద్ద చదువు అక్కర్లేదు. మన కాలవలో నీళ్లెప్పుడొస్తాయో కాలిఫోర్నియావారికేం పట్టింది?