అప్పు మనది, మోత పిల్లలది

మన సంఘం మీటింగుల్లో పంటల బీమా గురించి మాట్లాడతాం, శెనక్కాయ ధర గురించి, హంద్రీ-నీవా నీళ్ల గురించి కొట్లాడతాం. ఇంట్లో తొమ్మిదో తరగతి బిడ్డ ఎందుకు నోరు విప్పడం లేదో ఒక్కనాడూ అజెండాలో పెట్టలేదు. అది అయ్యవార్ల పని అనుకున్నాం. కాదు, అదీ రైతు సమస్యే.

చేను ఎండిన ఏడు ఏమవుతుంది? దసరా దాటితే ఆలూమగలు బెంగళూరుకు బేల్దారి పనికి పోతారు. పిల్లలు అవ్వ దగ్గర. పెద్దపిల్ల తెల్లారే వంట చేసి, తమ్ముణ్ణి తయారుచేసి, బడికి పోయి కునుకుతుంది. సోమరి అని అయ్యవారు తిడతాడు. అప్పులోళ్లు వాకిట్లోకొస్తే జవాబు చెప్పేదీ ఆ పిల్లే. ఇంక పరీక్ష తప్పితే పెండ్లి మాట ఎత్తేది మనమే కదా!

టౌనుకు పంపిన బిడ్డ సుఖంగా ఉన్నాడా? "నా కష్టం నీకొద్దురా" అని, వడ్డీకి తెచ్చి నా కొడుకును ఒక కార్పొరేట్ కాలేజీ హాస్టల్లో వేసినాను. ఫోన్ చేసినప్పుడల్లా ఎంత ఫీజు కట్టినానో చెప్పేవాణ్ణి. బుద్ధి చెబుతున్నా అనుకున్నా. వాడు దాన్ని ప్రోనోటు మాదిరి మోసినాడు. ఒక రాత్రి గోడ దూకి బస్సెక్కి ఇంటికొస్తే చెయ్యెత్తినాను. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాల్లో తప్పులు దొర్లి, ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారని చదివినాక నా చెయ్యి నాకే బరువైంది. నా వాడు ఇంటికన్నా వచ్చినాడు.

విశాఖలో నీట్ కోచింగ్ విద్యార్థిని మరణం కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు చెప్పింది: నూరు మంది, ఆపైన విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్ ఉండాలి. అంతకంటే చిన్న బడులకు బయటి నిపుణులతో ఏర్పాటు చేయాలి. మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచులుగా విడగొట్టొద్దనీ చెప్పింది. మీ మండలం హైస్కూల్లో కౌన్సెలర్ ఎవరో అడగండి. లెక్కల అయ్యవారికి రెండు రోజుల ట్రైనింగ్ ఇచ్చి, ఈయనే కౌన్సెలర్ అంటే ఒప్పుకోవద్దు. కార్పొరేట్ కాలేజీలనైతే ఫీజు కట్టకముందే అడగండి. కట్టినాక మన మాట వినేదెవరు?

వలస కుటుంబాల పిల్లలకు సీజనల్ హాస్టళ్లు జనం బస్సెక్కకముందే తెరవాలి. ఈ రెండూ వచ్చే నెల వినతిపత్రంలో బీమా పక్కనే రాద్దాం. అంతదాకా టెలిమానస్ నంబరు 14416 ఇంట్లో గోడమీద రాసిపెట్టండి. అది ఉచితం, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో మాట్లాడొచ్చు. అప్పుల దిగులుతో నిద్రపట్టని పెద్దోళ్లు కూడా చేయొచ్చు.